రాజనిరాకరణము: పెనుకొండ సంకీర్తనము, కటారుపల్లి పద్యము

తెలుగున 'అరాజకము' అను మాటకు మంచి యర్థము లేదు. దొంగతనములు ప్రబలినను, తగవు తీర్చువారు కరవైనను, బలవంతుడు బలహీనుని పొలము కలుపుకొన్నను 'అంతయు అరాజకముగా నున్నది' అందుము. ఈ యర్థమునకు బలమిచ్చినది రామాయణము. అయోధ్యాకాండము 67వ సర్గలో, దశరథుడు గతించిన పిమ్మట, మార్కండేయుడు మొదలగు పెద్దలు వసిష్ఠుని ముందు నిలిచి, రాజులేని జనపదమున ఏమేమి జరుగదో వరుసగా ఏకరువు పెట్టుదురు. ఆ వరుసలో ముందు వచ్చునది వాన. రాజులేని దేశమున మెఱుపులతో ఉఱుము మేఘము నేలపై వర్షింపదట. ఆ పిదపనే విత్తనముల మాట, తండ్రిమాట వినని కొడుకుల మాట. వాల్మీకి దృష్టిలో రాజు ముందుగా వానకు పూచీదారు. దండనాధికారము తరువాతి మాట.

ఈ సర్గను అనంతపురము మెట్టనేలలపై కూర్చుండి చదువువానికి చిన్న సందేహము కలుగక మానదు. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో దేశమున మిక్కిలి ఎండు ప్రాంతములలో నొకటిగా లెక్కకెక్కిన నేల యిది. ఇచ్చట రాజులకు ఎన్నడును కొదువ లేదు. విజయనగర రాజులు ఏలిరి. 1565లో తళ్ళికోట యుద్ధమున ఓడిన పిదప పెనుకొండయే కొంతకాలము రాజధాని యయ్యెను. పాళెగాండ్రు ఏలిరి. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి ధారపోసెను. ఇందఱు ఏలినను వాన మాత్రము రాలేదు. రాజునకును వానకును గల ఈ పురాణసంబంధము నిలువని నేలపై, ఆ రాజును కాదన్న ఇరువురు కవుల కథలు నిలిచియున్నవి. తాళ్ళపాక అన్నమాచార్యుడు పెనుకొండ కొలువున రాజును కీర్తింపనని సంకెళ్ళు వేయించుకొన్నాడను కథ యొకటి. కదిరి ప్రాంతమున కటారుపల్లిలో సమాధియైనాడని జనులు నమ్ము వేమన రెండవవాడు. ఈ రెండు తావులును 2022 వఱకు అనంతపురము జిల్లాలో నుండి, ఆ యేట శ్రీసత్యసాయి జిల్లాలో చేరినవి. నేల మాత్రము ఆ నేలయే.

మన పాఠములలో వీరిరువురిని, ధూర్జటిని, పోతనను ఒకే వరుసలో నిలిపి 'రాజులను ధిక్కరించిన కవులు' అని బోధించుట పరిపాటియైనది. విద్యార్థులును అట్లే వ్రాయుదురు. ధిక్కరించినదేమి? రాజునా, రాజు వేడిన స్తోత్రమునా, రాజ్యమునా? ఈ మూటిని విడదీయక చేసిన ప్రశంస కవికి గౌరవము కాదు. విడదీయుటకు పరదేశపు కొలబద్ద యొకటి ఉపకరించునని నా తలంపు. మతము పేరిటనే రాజ్యాధికారమును మొత్తముగా కాదన్న క్రైస్తవ అరాజకవాదము ఆ కొలబద్ద.

ఆ వాదమునకు ఆధునిక కాలమున పెద్ద దిక్కు టాల్‌స్టాయి. 1894లో వెలువడిన 'దేవుని రాజ్యము నీలోనే యున్నది' అను గ్రంథమున ఆయన వాదము సూటియైనది. కొండమీది ప్రసంగమున క్రీస్తు 'దుష్టుని ఎదిరింపకుడు' అన్న యర్థము వచ్చునట్లు చెప్పినాడు, ఒట్టు పెట్టుకొనవలదన్నాడు, శత్రువును ప్రేమింపుడన్నాడు. సైన్యము, న్యాయస్థానము, కారాగారము, పన్ను అన్నియు బలప్రయోగముపై నిలిచినవే. కావున ఆ ప్రసంగమును నమ్మినవాడు సైనికుడు కాలేడు, ప్రమాణము చేయలేడు, న్యాయాధిపతిగా కూర్చుండలేడు. రాజ్యమును కూలద్రోయ నక్కఱలేదు. దానికి చేయి అందింపకున్న చాలును. ఈ మాటలు రష్యా ప్రభుత్వమునకే కాక అచ్చటి మఠాధిపతులకును రుచింపలేదు. 1901లో వారు ఆయనను తమ సంఘమునుండి వెలివేసిరి.

ఈ వాదమునకు మూలము క్రీస్తుకంటెను ప్రాచీనము. సమూయేలు మొదటి గ్రంథము 8వ అధ్యాయమున ఇశ్రాయేలు పెద్దలు తమకును ఇతర జనులకున్నట్లు రాజు కావలెనని కోరుదురు. సమూయేలు రాజు ఏమి చేయునో చెప్పును: మీ కొడుకులను రథములకు కట్టును, కూతుండ్రను వంటలకు పెట్టును, మంచి పొలములు తీసికొని తన కొలువువారి కిచ్చును, పంటలో పదియవ పాలు పుచ్చుకొనును. దేవుడో, వారు నిన్ను కాదు, నన్నే రాజుగా వలదన్నారని సమూయేలుతో ననును. ఇంతవఱకు పలువు రెఱుగుదురు. 12వ అధ్యాయపు సంగతి మన ప్రసంగమునకు మఱింత దగ్గఱది. రాజును కోరుట ఎంత తప్పో జనులకు తెలియుటకై సమూయేలు గోధుమకోతల వేళ దేవుని వేడగా ఉఱుములతో వాన కురియును. కోతకు వచ్చిన పైరుపై పడిన వాన వరము కాదు, మందలింపు. రామాయణమున రాజు లేనందున వాన రాదు. ఇచ్చట రాజును కోరినందుకు రాకూడని వేళ వాన వచ్చును. రెండు మతములు వానను చేతబట్టి రాజును గూర్చి చెప్పిన ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చదువుట కరవు సీమవారికి తగిన పని.

క్రైస్తవులందఱును ఈ మతమువారని భ్రమింపరాదు. రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయమున పౌలు అధికారములన్నియు దేవునివలన నియమింపబడినవని చెప్పినాడు. చర్చిలు శతాబ్దములుగా దానినే పట్టుకొన్నవి. టాల్‌స్టాయివారిది అల్పసంఖ్యాకుల పక్షము. మనకు కావలసినది దాని బలము కాదు, దాని సూటిదనము.

ఇక పెనుకొండకు వత్తము. కథ కాధారము అన్నమాచార్యుని మనుమడు తాళ్ళపాక చిన్నన్న ద్విపదలో రచించిన 'అన్నమాచార్యచరిత్రము'. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దానిని పరిష్కరించి విపులమైన పీఠికతో వెలువరించిరి. సాళువ నరసింహుడు 1485లో విజయనగర సింహాసనము నెక్కినవాడు, 1491లో గతించెను. ఆయనకు అన్నమయ్యతో మైత్రి యుండెను. పెనుకొండకు పిలిపించి, కొలువున పదములు పాడించుకొనెను. అలమేలుమంగ పెదవులను వర్ణించిన శృంగారపదము నొకదానిని విని పరవశుడై, అట్టి పదమే తనపై నొకటి చెప్పుమని కోరెను. అన్నమయ్య చెవులు మూసికొని హరినామము స్మరించెను. హరిని కీర్తించిన నాలుక మానవుని కీర్తింపదనెను. రాజు కినిసి 'మూరురాయరగండ' అను పేరుగల సంకెల వేయించెను. కవి వేంకటేశ్వరుని గూర్చి పాడగా సంకెల వీడినది. రాజు నమ్మక మరల వేయింపగా మరల వీడినది. అంతట క్షమింపుమని వేడుకొనెను.

కథను భక్తితో వినువారు సంకెల వీడుటకడ ఆగుదురు. విమర్శకుడు దానికి ముందును వెనుకను చూడవలెను. ముందు చూచినచో, అన్నమయ్య రాజు పిలువగా పెనుకొండకు పోయినాడు, కొలువున కూర్చున్నాడు, పాడినాడు. రాజు కోరినది పదము ననుగాక, అదే శృంగారపదమును తనకు మార్చుమని కాకున్నచో, రాజమందిరమున ఆ సాయంకాలము నిర్విఘ్నముగా గడచెడిది. ఆయన కాదన్నది కొలువును గాదు, కొలువున తన నాలుకకు అప్పగింపబడిన ఒక పనిని. ఆ సంకెల పేరును గమనింపుడు. 'మూరురాయరగండ' అనునది విజయనగర రాజుల బిరుదము, ముగ్గురు రాజులకు మొగుడని యర్థము. బిరుదమనగా స్తోత్రమే. రాజును గూర్చిన స్తోత్రమే ఇనుమై కవి కాళ్ళకు పడినది. చిన్నన్న ఈ యర్థమును తలచియే వ్రాసెనో లేదో గాని, కథ తనంత తానీ మాట చెప్పుచున్నది.

వెనుక చూచినచో, సంకెల ఊడినది, సింహాసనము కదలలేదు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయమున సరిగా నిట్టిదే కథ కలదు. ఫిలిప్పీ పట్టణపు చెఱలో పౌలు, సీల అర్ధరాత్రమున కీర్తనలు పాడుచుండగా నేల అదరి బంధకములు ఊడును. తెల్లవాఱిన పిదప పౌలు చేసిన పని యేమి? తాను రోమా పౌరుడనని చెప్పి అధికారులచేత మర్యాద చేయించుకొనును. పాటకు సంకెలలు తెగు కథలు రాజ్యమును తెగవేయవు. అవి రాజునకు ఎల్ల గీయును: ఇంతవఱకు నీది, ఇచ్చటనుండి దేవునిది. ఎల్ల గీయుట చిన్న పని కాదు. అయినను ఎల్లకు ఈవలి ప్రక్క యున్నదంతయు రాజునకే వదలివేయబడినది.

ఎల్లకు ఆవలి ప్రక్క ఏమున్నది? అన్నమయ్య పదములలో వేంకటేశ్వరుడు సార్వభౌముడు. మేలుకొలుపు, మజ్జనము, కొలువు, ఊరేగింపు, పవళింపు అన్నియు రాజోపచారములు. తిరుమలలో ఇప్పటికిని ప్రాతఃకాలమున 'కొలువు' జరుగును. స్వామి గద్దెపై నుండగా పంచాంగము చదివి, వెనుకటి దినపు హుండీ రాబడిని విన్నవింతురు. దేవుడు లెక్క వినును. పెనుకొండలో వలదన్న కొలువు ఏడుకొండలపై యథాతథముగా నిలిచినది. ఏలిక మాత్రము మాఱినాడు. దీనిని నేను నిరాకరణము అనను, బదలాయింపు అందును. బదలాయింపునకు ఖర్చు లేకపోలేదు. సాళువ నరసింహుడే తిరుమలకు గ్రామములు ధారపోసి రామానుజకూటములు నెలకొల్పినవాడు. అచ్యుతరాయల నాటి తిరుమల శాసనములు అన్నమయ్య కుమారుడు పెదతిరుమలాచార్యుడు స్వామికి గ్రామములు సమర్పించుటను పేర్కొనుచున్నవి. గ్రామములు సమర్పింపగల స్థితి ఆ కాలమున రాజానుగ్రహము లేక కలుగదు. చిన్నన్న తాతగారి ధిక్కారమును వ్రాయునాటికి ఆ యిల్లు ఇట్టిది. నేను దీనిని నిందగా చెప్పుటలేదు. ధిక్కారకథను వ్రాసిపెట్టుకొన్న వారెవరో తెలియకున్న ఆ కథ బరువు తెలియదని చెప్పుచున్నాను.

ధూర్జటి సంగతి వేఱు. కాళహస్తీశ్వర శతకమున రాజసేవపై కురిసిన రోషము అన్నమయ్య కథలో లేదు. కృష్ణదేవరాయల కొలువున నుండినవాడని ప్రతీతి గల కవికి ఆ కొలువు రుచి తెలియును. ఆయన పద్యములలో నున్నది వలదనుట కాదు, పడిన పిదపటి పశ్చాత్తాపము. పోతన భాగవతమును రామున కంకితమిచ్చెను. అదియు స్తోత్రపు బదలాయింపే. వీరిని చిన్నచేయుట నా యుద్దేశము కాదు గాని, టాల్‌స్టాయి కొలబద్దకు వీరు ఒకే గీతకడ ఆగుదురు. నాలుకను రాజున కీయరు. చేయి మాట ఎత్తరు.

వేమన ఈ వరుసలో కుదురడు. ఏ కొలువునుండి లేచి వచ్చినట్లును ఆయన పద్యములు చెప్పవు. ఏ కొలువునకు పోదలచినట్లును చెప్పవు. జనశ్రుతికి ఇది మింగుడు పడలేదు కాబోలు, ఆయనను కొండవీటి రెడ్డిరాజుల యింట పుట్టించి, రాజు తమ్ముని చేసి, అటుపిమ్మట విరాగిని చేసినది. రాజ్యము విడిచినవాడైననే రాజును కాదనుటకు అర్హుడని లోకము తలంచును. పరిశోధకులలో పెక్కురు ఈ కథను త్రోసిపుచ్చి, ఆయనను తరువాతి కాలపు రాయలసీమ రైతుబిడ్డగా చూచిరి. అనంతపురము జిల్లా రాళ్ళపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మగారి 'వేమన' ఉపన్యాసములు ఈ చూపునకు గట్టి పునాది వేసినవి. ఆ శర్మగారే తరువాత తిరుపతికి పోయి అన్నమయ్య సంకీర్తనములను పరిష్కరించి స్వరపఱచిరి. ఒకే నేలబిడ్డ ఈ యిరువురికిని సేవచేయుట మన విమర్శకు దొరకిన యదృష్టము. అయితే ఆయన ఇరువురిని వేర్వేరు గదులలో నుంచిరి. గోడ తీసి చూచుట తరువాతివారి పని.

పద్యముల పాఠమును గూర్చి ముందుగా నొక హెచ్చరిక. బ్రౌను 1829లో అచ్చువేసిన సంపుటమున 693 పద్యములు. 1839 నాటి కూర్పున 1164. పదియేండ్లలో ఇన్ని పెరిగినవనగా మకుటము తగిలించి చెప్పిన ప్రతివాని మాటయు వేమనదైనదని తెలియుచునే యున్నది. ఒక్క పద్యమును పట్టుకొని వేమన సిద్ధాంతమని మేడ కట్టరాదు. అన్నమయ్య సంకీర్తనములు రాగిరేకుల కెక్కి తిరుమల భాండాగారమున భద్రముగా నిలిచి, శతాబ్దములు జనులకు వినబడకపోయినవి. వేమన పద్యములకు రేకులు లేవు, భాండాగారము లేదు, నోళ్ళే ఆధారము. రాజు రక్షింపని మాటలు బ్రతుకుటయే ఒక సాక్ష్యము. బ్రౌను తన 1829 కూర్పు పేరున నీతి, మతము, వ్యంగ్యము అను మూడు మాటలు చేర్చెను. కుంపిణీ కొలువులో నున్న దొరకు రాజ్యమును గూర్చిన శీర్షిక అక్కఱలేకపోయినది. నాటినుండి ఆ పద్యములను నీతి పద్యములుగానే చదువుచున్నాము.

పిల్లలకు చెప్పు పద్యములలో నవ్వుల పద్యమొకటి కలదు. నేల నాదన్నవానిని చూచి నేల నవ్వునట. ఈయనివానిని చూచి ధనము నవ్వును. పోరునకు వెఱచువానిని చూచి కాలుడు నవ్వును. మొదటి నవ్వును మనము వైరాగ్యముగా చెప్పి ముగింతుము: దేహము అశాశ్వతము, నేల ఎవరివెంట రాదు, అని. ఈ వ్యాఖ్యానము రాజునకు ఏమియు బాధ కలిగింపదు. అయితే పద్యమున నేల ఏడువదు, శపింపదు; నవ్వును. 'నాది' అను మాట తప్పు కాదు, నవ్వులాట. రాజు అన్నను నవ్వే, పట్టాదారు అన్నను నవ్వే. రాజు స్థానమున దేవుని నిలిపి 'నేల దేవునిది' అన్న మాట ఇచ్చట లేదు. బదలాయింపు లేని నిరాకరణము ఇదియే. టాల్‌స్టాయి తన చివరి దినములలో హెన్రీ జార్జి మతమును పట్టుకొని, నేలపై స్వామ్యము ఎవరికిని చెల్లదని వాదించినాడు. ఆయన పన్నుల లెక్కతో చెప్పినదానిని ఈ పద్యము ఒక నవ్వుతో తేల్చినది. అటుపై చరిత్ర చేసిన చమత్కారము చూడుడు: 1800 మొదలు 1807 వఱకు మన్రో అనంతపురము ముఖ్యస్థానముగా ఈ సీమను కొలిపించి, గట్టుగట్టునకు పేరు వ్రాయించి, రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. నేల నాదనుట కాగితమున కెక్కినది ఈ నవ్వు పుట్టిన నేలమీదనే.

కాని మూడవ నవ్వును మఱవరాదు. పోరునకు వెఱచువానిని చూచి కాలుడు నవ్వుటలో అహింస లేదు. అదే పద్యమున నేలపై స్వామ్యమును నవ్విన నోరు పిఱికిపందను నవ్వుచున్నది. టాల్‌స్టాయికి ఈ రెండు నవ్వులు ఒకచోట కుదురవు. వేమనకు కుదిరినవి. ఇది సీమ జీవితమునకు దగ్గఱ మాటయే. పాళెగాండ్ర కత్తుల నడుమ బ్రతికిన నేల గదా.

దీనికి ఎదురు పద్యమును ఆ మకుటముతోనే వినిపించును. చంపదగిన శత్రువు చేజిక్కినను కీడు చేయక, మేలు చేసి పొమ్మనుట చాలునను పద్యము. కొండమీది ప్రసంగమునకు తెలుగున ఇంతకంటె దగ్గఱి పద్యము నాకు కానరాలేదు. టాల్‌స్టాయి 1908లో 'ఒక హిందువునకు లేఖ' వ్రాయుచు తిరుక్కుఱళ్ నుండి ఇట్టి భావమునే ఉదాహరించినాడు. వేమన ఆ లేఖలో లేడు. ఉండియున్న బాగుండెడిదని తెలుగువారికి తోచుట సహజము. అయినను ఆ చెంపదెబ్బ మాటకును ఈ పద్యమునకును గల భేదమును చూడక పొంగిపోరాదు. క్రీస్తు వాక్యము దెబ్బ తిన్నవానితో చెప్పబడినది. కొట్టువాడు పైన నున్నాడు, కొట్టబడువాడు క్రింద నున్నాడు. వేమన పద్యమున శత్రువు చేజిక్కినాడు. వినువాడు పైన నున్నాడు, కత్తి వాని చేతనే యున్నది. ఇది గెలిచినవాని క్షమ. బలహీనుని నిరాకరణము కాదు. అయితే ఈ క్షమను ఒక ఇంటి యజమానుడు పాటించిన అది మంచితనము. రాజు పాటించిన ఏమగును? దండము పోవును. దండము పోయిన రాజ్యము పోవును. శాంతిపర్వమున భీష్ముడే చెప్పినాడు, ఆదికాలమున రాజ్యము లేదు, రాజు లేడు, దండము లేదు, దండించువాడు లేడు, జనులు ధర్మముచేతనే ఒకరి నొకరు కాచుకొనిరని. ఆ వెనుక మోహము కలిగి, దండము పుట్టినదని భీష్ముని కథ. వేమన పద్యమును సింహాసనముపై కూర్చుండబెట్టినచో ఆ కథ వెనుకకు నడచును. వేమన దానిని అట్లు కూర్చుండబెట్టెనా? లేదు. వానికి రాజు ఎదుట నిలుచుటయే లేదు గదా. అందుచేత ఆయన మాట టాల్‌స్టాయి మాటవలె వాదముగా పెరుగక, పద్యముగా నిలిచినది. నా దృష్టిలో ఇది లోపము కాదు. కాని దీనికి అరాజకవాదమను పేరు పెట్టుట తొందరపాటు.

నాలుక నీయనివారిని చూచితిమి, నవ్వినవానిని చూచితిమి. ఈ మెట్టలపై రాజును నిజముగా కాదన్నవారు మూడవవారు. వారు కవులు కారు. కరవు వచ్చి, పన్ను తీఱక, పసులను తోలుకొని రాత్రికి రాత్రి ఊరు విడిచిన రైతులు. కాలితో చేసిన నిరాకరణము వారిది. వారిని గూర్చిన పద్యము భక్తకవులలో వెదకితిని. రాజు కావ్యమున దొరకినది. ఆముక్తమాల్యద నాలుగవ యాశ్వాసమున కృష్ణదేవరాయలు ఒక అధికారిని వర్ణించినాడు. చెడి వలసపోయిన ప్రజను మరల పిలువక, వారి పసులను, గింజలను అమ్ముకొని, వారి యిండ్లు వంటచెఱకునకు పనికివచ్చునని సంతసించువాడు వాడు. వానిని పోరునేలపై తిరుగు నక్కతో పోల్చి, అట్టివానిని పెట్టుకొన్న రాజు ఏడు దీవులను గెలిచినను కలిమి కలుగదన్నాడు. శూన్యమైన ఊరిని ఇంత దగ్గఱనుండి చూచిన పద్యము ఆ కాలపు కవితలో అరుదు. ఆ నీతిని చెప్పువాడెవడు? యామునాచార్యుడు. వాదమున గెలిచి రాజైన భక్తుడు. కొడుకునకు రాజ్యము నప్పగించి విడిచిపోవు గడియలో ఈ మాటలన్నియు చెప్పినాడు. రాజ్యమును విడుచువానిచేత రాజ్యతంత్రము చెప్పించిన రాజకవి, రైతు విడిచిపోవుటను మాత్రము వైరాగ్యముగా భ్రమింపలేదు. దానిని రాజు తప్పుగా లెక్కించినాడు.

కాలితో చేసిన నిరాకరణము మతము పేరు పెట్టుకొన్న ఘట్టము ఆంధ్రమున ఒకటి కలదు. అది సీమలో కాదు, తీరమున. 1921లో చీరాల, పేరాల జనులు మునిసిపాలిటీ పన్ను ఈయమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఊరు విడిచి, వెలుపల పాకలు వేసికొని సుమారు పదునొకండు నెలలు నివసించిరి. ఆయన సేవాదళము పేరు రామదండు. ఆ పాకల ఊరు రామనగరము. ఇల్లు విడిచి పోయినవారును రాముని రాజును చేసికొనియే పోయిరి. బదలాయింపు మన యెముకలలో నున్నదనుటకు ఇంతకంటె వేఱు నిదర్శన మక్కఱలేదు.

రాజు పక్షమున చెప్పవలసిన మాటయు కలదు. దానికి మన భక్తకవులుగాని టాల్‌స్టాయిగాని సమాధానము చెప్పలేదు. ఆ మాట చెఱువు. వాన చాలని నేలపై పడిన ప్రతి చుక్కను నిలుపువాడే ఏలిక. ఆముక్తమాల్యదలోనే రాయలు, దేశము చిన్నదైనను కుంటలు కాలువలు త్రవ్వించి, బీదరైతునకు పాలు తగ్గించి యిచ్చినచో అర్థమును ధర్మమును పెరుగునన్నాడు. విజయనగర కాలమున త్రవ్విన చెఱువులు ఈ సీమ నిండ కలవు. కడప సీమలో పోరుమామిళ్ళ చెఱువు శాసనము 1369 నాటిది. చెఱువు త్రవ్వించుట సప్తసంతానములలో నొకటి, పరలోకమునకు త్రోవ. వాల్మీకి 67వ సర్గ అక్షరసత్యము కాకున్నను, చెఱువు గట్టుపై నిలిచి చూచిన అందొక సత్యము కనబడును. రాజు వాన కురిపింపలేడు. కురిసిన వానను నిలుపగలడు. 'రాజు వలదు' అన్నవాడు 'గట్టు ఎవరు పోయుదురు' అన్న ప్రశ్నకు బదులు చెప్పవలెను.

బదులు కవిత్వమున లేదు. ఇనాము లెక్కలలో కలదు. గట్టు పోయించినవాడు రాజైనను, తెగిన గట్టు ఏటేట పూడ్చినది ఊరివారు. చెఱువు బాగుచేయువారికి దశబంధము అను పేర మాన్యపు నేల యుండెడిది. తూము తీసి, ఏ మడికి ఎంతసేపో చూచి నీరు పంచినవాడు నీరుగంటి. ఆతనికి కళ్ళములో గింజలు కొలిచి యిచ్చిరి. రాజవంశములు మాఱినను, పెనుకొండ పాడువడినను, కుంపిణీ వచ్చినను తూము కడ నిలిచినవాడు ఆ నీరుగంటియే. ఆతనికి దండము లేదు, బిరుదము లేదు. మాట తప్పిన రైతుతో ఆతడు ఏమి చేసెను, ఎండిన యేట ఏ మడిని ముందు తడిపెను, ఎవరి మాట విని ఎవరి మాట వినలేదు అను సంగతులను గూర్చి మన సాహిత్యము మౌనముగా నున్నది. గ్రామములలో కట్టడి పాటలు, తూము తగవుల సామెతలు ఇంకను ముసలివారి నోళ్ళలో నున్నవి. రాజధిక్కారమును గూర్చి ఈ విశ్వవిద్యాలయమున వ్యాసములు వ్రాయు విద్యార్థులు అన్నమయ్య రేకులకడను వేమన ప్రతులకడను ఆగక, గట్టు దిగి ఆ మాటలను కూడ వ్రాసికొనివచ్చిన బాగుండును.